అయిదు కోట్ల కోళ్లు, మూడు సంతకాలు

మొజాంబిక్ మాజీ ఆర్థిక మంత్రి మాన్యుయెల్ చాంగ్ గారిని లోకం ఊరికే ఆడిపోసుకుంటోంది. గుప్తదానాలు చేసిన మహానుభావులను చూశాం. దేశం పేరిట గుప్తంగా అప్పులు చేసిపెట్టి, ఒక్క మాట కూడా బయటికి పొక్కనివ్వని నిగర్విని ఇంకెక్కడైనా చూశామా? 2005 నుంచి 2015 దాకా పదేళ్లపాటు ఖజానా తాళాలు ఆయన మొలలోనే ఉన్నాయి. 2013, 2014 సంవత్సరాల్లో మూడు పూచీకత్తుల మీద సంతకాలు చేశారు. మొత్తం సుమారు 200 కోట్ల డాలర్లు. పార్లమెంటుకు చెప్పలేదు, ఐఎంఎఫ్‌కు చెప్పలేదు. కుడి చేత్తో చేసింది ఎడమ చేతికి తెలియకూడదని పెద్దలు అన్నారుగా!

ఆ అప్పు ప్రోఇండికస్, ఎమాటుమ్, మామ్ అనే మూడు సర్కారీ కంపెనీల కోసం. ఒకటి తీరం కాస్తుంది, ఒకటి ట్యూనా చేపలు పడుతుంది, ఒకటి పడవలు బాగుచేస్తుంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఒక్క చేప పడకముందే ఎమాటుమ్ పేరున 85 కోట్ల డాలర్లు పుట్టాయి. అప్పులిచ్చింది క్రెడిట్ స్వీస్, వీటీబీ బ్యాంకులు. ఆ సొమ్ము మొజాంబిక్ గడప తొక్కే శ్రమ కూడా పడకుండా నేరుగా పడవలు కట్టే ప్రివిన్‌వెస్ట్ ఖాతాలోకి వెళ్లిపోయింది. ఫ్రాన్స్‌లో కట్టిన రెండు డజన్ల చేపల పడవలు వచ్చాయి, రాజధాని మపూతో రేవులో లంగరేసుకుని తుప్పు పట్టాయి. హిందూ మహాసముద్రంలో ట్యూనాలు మాత్రం క్షేమం. ఈ పథకంలో నిఖార్సుగా బాగుపడిన జీవులు అవే.

చేపలు పడకపోయినా కోళ్లు దొరికాయి. బేరసారాలు నడుస్తున్న 2011 చివర్లో దళారులు రాసుకున్న ఈమెయిళ్లలో మామూళ్ల పద్దు అయిదు కోట్ల కోళ్లు. ఒక్కో కోడి ఒక్కో డాలరు. పంపకాల చిట్టాలో మంత్రిగారి ముద్దుపేరు ‘చాప్‌స్టిక్’. ఇంటిపేరు చూసి పెట్టారేమో. ఆయనకు ముట్టింది 70 లక్షల డాలర్లని లండన్ కోర్టు 2024లో తేల్చింది. 200 కోట్లకు 70 లక్షలంటే వందకు ముప్పై అయిదు పైసలు! ఏ ఊళ్లో బ్రోకరు విన్నా నవ్విపోతాడు. అదే వ్యవహారంలో క్రెడిట్ స్వీస్ ఉద్యోగి ఆండ్రూ పియర్స్ నాలుగున్నర కోట్ల డాలర్లు వెనకేసుకున్నానని తానే ఒప్పుకున్నాడు. మాజీ అధ్యక్షుడు గెబూజా గారి అబ్బాయికి 3.3 కోట్లు ముట్టాయని మపూతో కోర్టు నిర్ధారించింది. దేశాన్నే తాకట్టు పెట్టిన సంతకం ఇంత చవగ్గా పోయిందంటే మంత్రిగారికి బేరమాడటం రాదన్నమాట. అలాంటి మనిషికి పదేళ్లు ఆర్థిక శాఖ!

2016 ఏప్రిల్లో గుట్టు రట్టయింది. ఐఎంఎఫ్, దాత దేశాలు సాయం ఆపేశాయి. దేశ కరెన్సీ మెటికల్ విలువ పడిపోయింది, ధరలు నెత్తికెక్కాయి, 2017 జనవరిలో దేశం వాయిదా కట్టలేక చేతులెత్తేసింది. లెక్కలు తిరగేసిన క్రోల్ సంస్థ 50 కోట్ల డాలర్లు ఎటు పోయాయో తెలియలేదని, కొన్న సరుకుకు 71.3 కోట్లు ఎక్కువ వేశారని చెప్పింది. ఈ అప్పుల పుణ్యాన దాదాపు 19 లక్షల మంది పేదరికంలోకి జారారని మొజాంబిక్‌కు చెందిన సీఐపీ, నార్వేకు చెందిన సీఎంఐ అనే పరిశోధన సంస్థలు 2021లో లెక్కగట్టాయి.

2018 డిసెంబరు 29న దుబాయ్ వెళుతూ చాంగ్ గారు జోహన్నెస్‌బర్గ్ విమానాశ్రయంలో దొరికారు. అప్పటికాయన ఎంపీ. ఇక చూడండి సంబరం, ఒక్క పెళ్లికొడుకు కోసం రెండిళ్లవాళ్లు కొట్టుకున్నట్టు అమెరికా, మొజాంబిక్ మాకంటే మాకని పోటీపడ్డాయి. అన్నేళ్లూ ఆయన్ని పల్లెత్తు మాట అనని సొంత సర్కారుకు ఉన్నపళంగా న్యాయం మీద మమకారం పొంగుకొచ్చింది, దక్షిణాఫ్రికా కోర్టుల చుట్టూ లాయర్లను తిప్పింది. ఆ ఖర్చూ జనానిదే. నాలుగున్నరేళ్లు అక్కడి జైల్లో గడిపాక 2023 జులైలో ఆయన న్యూయార్క్ చేరారు.

బ్రూక్లిన్ కోర్టులో ఆయన లాయర్లు, ప్రభుత్వం పెట్టమంది గనుక సంతకం పెట్టారు, ఒక్క పైసా ముట్టలేదు అని వాదించారు. పెట్టమన్నచోట పెట్టడానికి మంత్రెందుకండీ, రబ్బరు స్టాంపు చాలు, దానికి జీతం, కారు, ఎస్కార్టు ఖర్చులుండవు. జ్యూరీ నమ్మలేదు. 2024 ఆగస్టు 8న దోషి అంది. ఏ నేరానికనుకున్నారు? మదుపరులను మోసగించే కుట్ర, మనీ లాండరింగ్ కుట్ర. డాలర్లు న్యూయార్క్ బ్యాంకుల మీదుగా నడిచాయి, ఈ అప్పుల్లో డబ్బు పెట్టిన అక్కడి మదుపరులు నష్టపోయారు, అందుకని అక్కడ కేసు. మపూతోలో రొట్టె ధర చూసి వెనుదిరిగిన మనిషి ఈ కేసులో బాధితుల జాబితాలోనే లేడు.

మామూళ్లు పంచాడన్న ఆరోపణ ఎదుర్కొన్న ప్రివిన్‌వెస్ట్ ప్రతినిధి జాన్ బుస్తానీని అదే కోర్టులో మరో జ్యూరీ 2019 డిసెంబరులోనే నిర్దోషిగా వదిలేసింది. ఒంటిచేత్తో చప్పట్లు మోగవంటారు, బ్రూక్లిన్‌లో మోగాయి. క్రెడిట్ స్వీస్ 2021లో అమెరికా, బ్రిటన్ అధికారులకు సుమారు 47.5 కోట్ల డాలర్లు చెల్లించి, మొజాంబిక్ బాకీలో 20 కోట్లు మాఫీ చేసి చేతులు కడుక్కుంది.

‘దొంగచాటు అప్పులు మేం కట్టం’ అని మొజాంబిక్ జనం చొక్కాల మీద అచ్చేయించుకుని తిరిగారు. ఎమాటుమ్ పూచీకత్తు చెల్లదని 2019 జూన్‌లో అక్కడి రాజ్యాంగ మండలి కూడా చెప్పింది. చెల్లని ఆ అప్పుకు బదులుగా సర్కారు అదే ఏడాది 90 కోట్ల డాలర్ల కొత్త బాండ్లు రాసిచ్చింది, గడువు 2031. 2025 జనవరిలో చాంగ్ గారికి పడింది ఎనిమిదిన్నరేళ్లు, అప్పటికే లోపల గడిపిన ఆరేళ్లూ అందులో కలిపేశారు. బాండ్లకు అలాంటి మినహాయింపులేమీ లేవు. 2023 తర్వాత వాటి వడ్డీ 5 శాతం నుంచి 9 శాతానికి పెరిగింది.