ట్యాంకు మీది చూపు

శుక్రవారం సెలవు. కువైట్‌లో చాలా ఏళ్లుగా ఇంటి డ్రైవరుగా చేస్తున్న అన్న, కడప జిల్లా నుంచి కొత్తగా దిగిన తమ్ముణ్ణి కువైట్ టవర్స్ చూపించడానికి తీసుకెళ్లాడు.

లిఫ్టు దిగి అద్దాల దగ్గర నిలబడ్డారు. నూట ఇరవై మీటర్ల పైచిలుకు ఎత్తు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క ఊరు. వాళ్లు నిలబడిన గోళం నెమ్మదిగా తిరుగుతోంది. అరగంటకు ఒక చుట్టు.

"చూడ్డానికే ఇంత కట్టినారా అన్నా?"

"కాదురా, ఇది నీళ్ల ట్యాంకు. మన కిందున్న పెద్ద గుండులో 45 లక్షల లీటర్లు పడతాయి. పక్క టవర్లో ఇంకో 45 లక్షలు. 1979లో తెరిచినారు."

"ఏ ఏటి నీళ్లు?"

"ఈ దేశంలో ఏరే లేదు. ఒకప్పుడు ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నుంచి పడవల్లో మోసుకొచ్చి తాగినారంట. 1950ల నుంచి సముద్రం నీళ్లలో ఉప్పు తీసి తాగుతాండారు. 1990లో ఆ ఇరాక్ సైన్యమే వచ్చి ఈ టవర్లను పాడుచేసింది. యుద్ధం అయినాక బాగుచేసి మళ్లీ జనానికి తెరిచినారు."

తమ్ముడు ఉండబట్టలేక అమ్మకు వీడియో కాల్ చేశాడు. "మా, చూడు! ఇది నీళ్ల ట్యాంకంట. జనం టికెట్టు కొనుక్కొని ఎక్కి చూస్తాండారు!"

అమ్మ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "బాగుంది నాయనా. మీ కువైట్ పిల్లోళ్లంతా చందాలేసి మనూర్లో కట్టిచ్చిన ట్యాంకూ అంతే. తెల్లారితే ఎవరో ఒకరు ఎక్కి చూస్తానే ఉంటారు."

అన్న ముఖం విప్పారింది. ఆ చందాలో అతని రెండు నెలల జీతం ఉంది. ఫోను తన చేతిలోకి తీసుకున్నాడు.

"అవునా మా! పైనుంచి ఏం కనపడతాది? మన మామిడి తోట కనపడతాదా?"

"తోట ఎప్పుడో ఎండిపాయ నాయనా. రోడ్డు కనపడతాది, మలుపు దాకా."

"రోడ్డులో ఏముంది మా చూడ్డానికి?"

"నీళ్ల ట్యాంకరు వస్తాందేమోనని!"