నీలం టిక్కులు

యూఏఈలోని ఉమ్ అల్ క్వైన్‌లో ఓ కాంట్రాక్టింగ్ కంపెనీలో నేను క్వాంటిటీ సర్వేయర్ని. కన్సల్టెంటు నోటిమాటగా మార్పించిన ప్రతి తలుపుకీ, జరిపించిన ప్రతి గోడకీ కాగితం పుట్టించి డబ్బు రాబట్టడం నా పని. అందులో నాకు కాస్త పేరుంది. ఆ పేరు చెప్పులతో పాటు గుమ్మం బయటే ఉండిపోతుందని మీకు వేరే చెప్పాలా?

కొత్తగా చేరిన కుర్రాళ్లకి రాత్రి భోజనాల వేళ ఫోన్లో పాఠాలు చెప్పడం నా బలహీనత. "కాంట్రాక్టు షరతులుండే 1999 ఫిడిక్ ఎర్ర పుస్తకం తియ్యవోయ్. ఇంజనీరు నోటితో చెప్పాడా? రెండు పనిరోజుల్లో 'మీరిలా చెప్పారు' అని రాసి పంపు. మరో రెండు పనిరోజుల్లో ఆయన కాదని రాయకపోతే రాసిచ్చినట్టే లెక్క. అదనపు డబ్బు కావాలంటే సంగతి తెలిసిన 28 రోజుల్లోగా నోటీసివ్వాలి. దాటిందా, ఎంత ఏడ్చినా దిర్హం రాదు. కూలీలెందరు, సిమెంటెంత, మిషనెన్ని గంటలు తిరిగింది, ఏ రోజుది ఆ రోజే రాసి సంతకం పెట్టించు. నెలాఖరుకి గుర్తుచేసుకుని రాసేవన్నీ కథలే!"

మా ఆవిడ పప్పు వడ్డిస్తూ ఉండేది. వింటోందని నాకేం తెలుసు?

ఈలోగా కాకినాడలో ఇల్లు మొదలుపెట్టాం. చదరపు అడుగుకి ఇంతని మేస్త్రీతో కూలి మాట్లాడుకున్నాం. బావమరిది చూసుకుంటున్నాడు. ఇక్కడ ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకూ ఎండలో పని చేయించకూడదు. సైటంతా నీడకి చేరుతుంది. నాకేమో ఊసుపోదు. అప్పుడక్కడ రెండు దాటి ఉంటుంది, మేస్త్రీ భోంచేసి తీరిగ్గా ఉంటాడు. ఇంకేం, వాయిస్ మెసేజీ!

"మేస్త్రీ గారూ, మెట్లు అటు తిప్పండి. హాలు గోడ రెండడుగులు జరపండి. పోర్టికోకి ఆర్చి లేకపోతే ఏం బావుంటుంది? డబ్బుదేముందండీ, కానివ్వండి!"

బిల్లొచ్చింది. గోడ కట్టినందుకు కూలి, పడగొట్టినందుకు కూలి, మళ్లీ కట్టినందుకు కూలి. నాలోని సర్వేయరుకి పౌరుషమొచ్చింది. "రాతలో ఏదీ? నేను ఒప్పుకున్నట్టు ఆధారమేదీ?" అని సోఫాలోంచే గర్జించాను.

మా ఆవిడ మాట్లాడకుండా కిరాణా కొట్టువాళ్లిచ్చిన డైరీ తెచ్చింది. తేదీ, ఏం పని, ఎవరు చెప్పారు, మేస్త్రీ అడిగిందెంత, మా బావమరిది తెగ్గొట్టిందెంత. మా ఆఫీసు రిజిస్టరు అంత శుభ్రంగా ఉండదు. "తమ్ముడు ఫోన్ చేసిన రోజునే మీకు రాసి పంపాను, చూసుకోండి" అంది.

ఫోను తీశాను. 'మెట్లు తిప్పమన్నారట. ముప్పై రెండు వేలు ఎక్కువవుతుంది. సరేనా?' కింద రెండు నీలం టిక్కులు, నా మౌనం. ఆర్చికైతే జవాబు కూడా ఇచ్చాను, బొటనవేలు బొమ్మ.

"రెండు రోజుల్లో కాదనకపోతే ఒప్పుకున్నట్టేనటగా? పైగా అది జులై సంగతి. దీపావళి వస్తోంది. మీ 28 రోజులు ఏమయ్యాయి?"

ఇక్కడ దొరికిందనుకున్నాను. "ఆ గడువు కాంట్రాక్టరుకే! యజమానికి కాదు" అన్నాను విజయగర్వంతో.

"స్థలం నా పేరున రిజిస్టరైందండీ" అంది.

"మరి నేనెవర్ని?"

ఎనిమిదో క్లాసు చదివే మా అమ్మాయి పుస్తకంలోంచి తలెత్తలేదు. "ఇంజనీరువి నాన్నా. యజమానిని అడక్కుండా మార్పులు చెప్పావు. ఎంతైనా నీదే ఖర్చు." అదీ తీర్పు. అప్పీలుకి మా అమ్మకి ఫోన్ చేశాను. కోడలు చెప్పిందే కరెక్టంది.

ఆ డబ్బు నా జేబుఖర్చులోంచి నెలనెలా కోతపడుతోంది. సైటు దగ్గర కరక్ చాయ్ కూడా అప్పుమీద నడుస్తోంది. ఇలా కాదని ఆఫీసు ఫార్మాట్లోనే క్లెయిము తయారుచేశాను. అనుబంధాలు, సంతకాలు, పేజీ నంబర్లు, 2018 నుంచీ చేతికలవాటైపోయిన 5 శాతం వ్యాట్‌తో సహా.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చివరి పేజీ దాకా చదివింది.

"వ్యాట్ వేశారు సరే, మీ ట్యాక్స్ రిజిస్ట్రేషన్ నంబరేదండీ?"