పొగ లేని కారు

గండికోటలో పెన్నా లోయ అంచున, ఎర్రటి బండ మీద డ్రాయింగ్ షీట్ పరిచాడు కుర్రాడు. మూలల్లో రాళ్లు పెట్టినా గాలికి లేచిపోతుంటే, వాళ్ల మామ ఓ పక్క మోకాలు ఆనించి కూర్చున్నాడు.

షీట్ నిండా చిన్న కారు. ముచ్చటగా ఉంది. పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతున్న ఆ కుర్రాడు సెలవులన్నీ దాని మీదే పెట్టాడు. వెనక సీటు కింద రెండు కిలోల హైడ్రోజన్ సిలిండర్. 700 బార్ల ఒత్తిడికి తట్టుకునేలా చుట్టూ కార్బన్ ఫైబర్. ముందు భాగంలో ఫ్యూయల్ సెల్. హైడ్రోజన్ అందులో గాలిలోని ఆక్సిజన్‌తో కలిస్తే కరెంటు పుడుతుంది, మోటారు తిరుగుతుంది. 2022 మార్చిలో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ పార్లమెంటుకు వెళ్లిన టొయోటా మిరాయ్‌దీ ఇదే పద్ధతి. అది పెద్ద కారు, ఖరీదైంది. జమ్మలమడుగు సందుల్లో తిరిగే చిన్న కారు కావాలన్నది ఇతని పట్టుదల. మెచ్చుకోవలసిన పట్టుదల.

“కిలో హైడ్రోజన్‌తో వంద కిలోమీటర్లు పోవచ్చు మామా. పొగే ఉండదు. తొమ్మిది లీటర్ల నీళ్లు వస్తాయి, అంతే.”

మామ పనిచేసేది ముద్దనూరు దగ్గర, 1,650 మెగావాట్ల రాయలసీమ థర్మల్ ప్లాంటులో, బొగ్గు దించే చోట. షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు.

“హైడ్రోజన్ యాడ దొరుకుతాదిరా?”

“నీళ్లలోనే ఉంది. కరెంటు పెట్టి విడగొట్టాల.”

“కిలోకు ఎంత కరెంటు?”

“యాభై అయిదు యూనిట్ల దాకా.”

“ఆ కరెంటు యాడిది?”

“యాడిదైతేనేం మామా, లైన్లో వచ్చేదే.”

“మా ప్లాంటుదే అనుకుని లెక్క కట్టు.”

బొగ్గు కరెంటు యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్. కుర్రాడు షీట్ అంచునే లెక్క వేశాడు. వంద కిలోమీటర్లకు యాభై కిలోల పైమాటే. అంతే దూరానికి పెట్రోలు చిన్న కారు అయిదు లీటర్లు తాగి వదిలేది పన్నెండు కిలోలు. పెన్ను ఆగిపోయింది.

“మైలవరం సోలార్ కరెంటుతో చేస్తే ఆ పొగా ఉండదు గదా మామా!”

“చేస్తే మంచిదే. అయితే అదీ గీయి.” మామ భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. నల్లటి పొడి షీట్ మీద రాలింది. “ఇప్పుడు గీసినదానికి మాత్రం పొగ గొట్టం ఉండాదిరా, మా ప్లాంటులో.”