ఇతి గూగులః

కాళిదాస కావ్యములకు వ్యాఖ్యానము వ్రాయబూనిన మెదకుసీమ తెలుగువాడు కోలాచలము మల్లినాథసూరి, మూలములేనిదేదియు వ్రాయనని ముందుగానే ఒట్టు పెట్టుకొని, ఆ ఒట్టు నిలుపుకొనుటకై పదమునకొక కోశమును, ప్రయోగమునకొక సూత్రమును సాక్ష్యమునకు రప్పించి, ‘ఇత్యమరః’ అనియు ‘ఇతి విశ్వః’ అనియు వేలుపెట్టి చూపుచు ఎంతటి వృథాశ్రమ పడినాడో తలచుకొన్నప్పుడెల్ల నాకు జాలి కలుగును. పాపమాతనికి కొత్తవలస స్టేషనుదారిలోని డి.టి.పి. దుకాణము తెలియదు.

నాకును మొన్నటివరకు తెలియదు. మా మేనల్లుడు ఆరోగ్య మనోవిజ్ఞానములో పీహెచ్‌డీకి గ్రంథము సమర్పింపనున్నాడనియు, అచ్చుతప్పులు చూచిపెట్టవలసినదనియు వాడు కబురు పంపగా, పోయి ఆ దుకాణములో ప్లాస్టిక్ కుర్చీపై ఆసీనుడనైతిని. చక్కెరవ్యాధిగ్రస్తులు మాత్రలను వేళకు వేసికొనకయే, డాక్టరు అడిగినప్పుడు ‘వేసుకుంటున్నామండీ’ అని యేల చెప్పుదురో కనుగొనుట వాని పరిశోధన. విషయము దొడ్డది, వాడు రోగులను కలిసికొన్నమాటయు నిజమే. కాని గ్రంథము చివరనున్న ఉపయుక్త గ్రంథసూచికను కంప్యూటరు తెరపై చూచునప్పటికి నా కండ్లు తిరిగినవి. అందులో 212 గ్రంథములును వ్యాసములును కొలువుదీరియున్నవి.

“ఇవన్నీ ఎప్పుడు చదివేవురా?” అంటిని.

“చదవడమేటి మావయ్యా, ఇవి పెట్టుకోడానికి. గైడుగారు రెండొందలు దాటాలన్నారు,” అని వాడు నిర్మలముగా నవ్వెను.

దుకాణదారుడు మరింత నిర్మలుడు. “పాత థీసిస్ ఫైలుంది బాబూ, అందులోంచి లాగేసేను,” అనెను. లాగినమాట ప్రత్యక్షముగా కనబడుచునే యున్నది: కొన్ని పంక్తుల అక్షరములు లావు, కొన్నిటివి సన్నము, కొన్నిటిక్రింద నీలిగీతలు ఇంకను చెరగలేదు, ఒక పంక్తి చివర, ఈ వ్యాసమును ఇంటర్నెట్టులో చూచిన తేది 2014 అని యున్నది. ఆనాటికి మావాడు ఎనిమిదవ తరగతి.

కొత్తవలస జంక్షనున పట్టాలు చీలి ఒక దారి విజయనగరమునకును, ఒక దారి అరకులోయ మీదుగా కిరండూలునకును పోవుట లోకవిదితము. బైలదిల్లా కొండలలో త్రవ్విన ఇనుపరాయికి ఎక్కిన వేగనులోనే విశాఖరేవు చేరు యోగము కలదు గాని శాస్త్రవాక్యమునకు ఆ యోగము లేదు. అది ప్రతి స్టేషనులోను దిగి, వేరొక బండి యెక్కి, సగము సామాను పోగొట్టుకొని, గమ్యము చేరునప్పటికి కన్నతల్లియైనను గుర్తుపట్టలేని రూపు దాల్చును.

మావాని గ్రంథమునందే నిదర్శనమున్నది. మాత్ర వేసికొను అలవాటు 21 దినములలో స్థిరపడునని రెండవ అధ్యాయములో వ్రాసి, ప్రమాణముగా మాల్ట్జ్ 1960 అనియు, లాలీ ప్రభృతులు 2010 అనియు కుండలీకరణములలో బిగించినాడు. మాల్ట్జ్ అలవాట్లను కొలిచినవాడు కాడు. ముఖములు దిద్దు శస్త్రవైద్యుడు. కొత్త ముక్కునకు రోగి మనస్సు అలవాటుపడుటకు కనీసము 21 దినములు పట్టుచున్నట్లు తాను గమనించితినని చెప్పినాడే కాని, అందులోని ‘కనీసము’ ఏ స్టేషనులో దిగిపోయినదో! ఇక లాలీ బృందము లండనులో 96 మందిని 12 వారములపాటు పరిశీలించి, అలవాటు కుదురుటకు నడిమిలెక్కన 66 దినములు పట్టుననియు, మనిషినిబట్టి 18 మొదలు 254 దాకను పోవుననియు లెక్కగట్టినది. అనగా 21 దినముల మాటకు ఎదురుసాక్షియైన వ్యాసమును మావాడు తనపక్షపు సాక్షిగా బోనెక్కించినాడన్నమాట. గిరీశము ఈ కాలమున విజయనగరములో ఉండియుండినచో మావాని శిష్యరికము చేసెడివాడు.

ఇది మావాడొక్కని ప్రతిభయే యనుకొంటిరేమో, కాదు. సింకిన్, రాయ్‌చౌధురీ అను ఇరువురు కాలిఫోర్నియావారు 2003లో ఒక చమత్కారము చేసిరి. ప్రసిద్ధమైన భౌతికశాస్త్ర వ్యాసమును పేర్కొన్న 4,300 సందర్భములను పరికింపగా 196 చోట్ల వివరములు తప్పుపడినవి. ఆ తప్పులలో వేరువేరువి 45 మాత్రమే. ఒకే పుటసంఖ్య తప్పు 78 మంది చేతులు మారినది. అందరును ఒకే అంకెను యాదృచ్ఛికముగా తప్పుట అసంభవము గనుక, పేర్కొన్నవారిలో మూలమును చదివినవారు నూటికి ఇరువదిమందియే యని వారు తేల్చిరి. ఇచట మావాని విషయమునకే వత్తును: సంపన్నదేశములలో దీర్ఘవ్యాధులవారు చెప్పినట్లు మందు వాడుట సగటున నూటికి 50 పాళ్ళని ప్రపంచ ఆరోగ్యసంస్థ అదే 2003లో ప్రకటించినది. ‘వేసుకుంటున్నామండీ’ అను రోగికంటె ‘చదివితిమండీ’ అను పండితుడు ఒకటిన్నర రెట్లకు పైగా గడుసువాడు. అయినను పరిశోధన జరుగుచున్నది మాత్రము రోగిమీదనే.

చదువకుండుట యటుంచుడు, పుస్తకము ఉండుటయైనను అవసరము కాదు. ఎల్సెవియర్ ప్రచురణసంస్థ రచయితలకిచ్చిన నమూనాలో, శాస్త్రవ్యాసరచనా కళనుగూర్చి 2000లో వెలువడినట్లుగా ఒక కల్పితవ్యాసమును ఉదాహరణకై చూపగా, దానిని నిజమని నమ్మియో, తుడుచుట మరచియో దాదాపు 400 మంది తమ సూచికలలో నిలిపిరి. ఎవ్వరును వ్రాయని వ్యాసమునకు అంతమంది పాఠకులు! ఇప్పుడు కృత్రిమమేధ వచ్చి ఈ సృష్టికార్యమును క్షణములలో నెరవేర్చుచున్నది.

ప్రభువులు ఊరకున్నారనరాదు. యు.జి.సి. 2018 మేలో 4,305 పత్రికలను తన జాబితానుండి తొలగించినది. హైదరాబాదు కేంద్రముగా వందలాది పత్రికలు నడుపుచుండిన ఓమిక్స్ సంస్థ 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపవలెనని 2019లో అమెరికా న్యాయస్థానము తీర్పిచ్చినది. చౌర్యమును పట్టు యంత్రములు కళాశాలలకు వచ్చినవి. యు.జి.సి. 2018 నిబంధనల ప్రకారము పదింట ఒకపాలు దాక పోలికను క్షమింతురు. అయితే అవే నిబంధనలలో గ్రంథసూచికను ఆ తనిఖీనుండి మినహాయించిరి. దొంగను వెదకవచ్చిన పోలీసు ఇల్లంతయు గాలించి, పెరటిగాదెను మాత్రము ముట్టనని సెలవిచ్చినట్లున్నది.

ఇట్లు ధర్మాగ్రహముతో ఊగుచు సూచికలో క్రిందికి పోవుచుండగా 147వ పంక్తిలో నా పేరు కనబడినది. ఏనాడో టీకొట్టు దగ్గర, మాత్రను కాఫీగ్లాసు ప్రక్కన పెట్టుకొన్నచో మరపురాదని నేనన్న మాటను మావాడు ‘వ్యక్తిగత సంభాషణ, 2023’ అని ప్రమాణీకరించినాడు. “ఈ పేరు ఇంకోచోట చూసేనండి,” అనుచు దుకాణదారుడు మరియొక అభ్యర్థి ఫైలు తెరచెను. అందులో నా ఇంటిపేరు ఒక అక్షరము తప్పినది, సంవత్సరము 2003 అయినది, టీకొట్టు మాట గ్రంథమై 41 మొదలు 58 వరకు పుటలు కూడ సంపాదించినది.

“మీరు పుస్తకం రాసేరని చెప్పలేదేటండి బాబూ?” అని ఆయన లేచి నిలుచున్నాడు.

ఇంటిపేరు మాత్రము సరిచేయించితిని. పుటలజోలికి పోలేదు.