చూడటానికి కాదు, లాగటానికి వెళ్ళేవాళ్ళం

శివుడికని బండిమీద ఎత్తుగా కట్టే ప్రభను ఇప్పుడు క్రేను పెట్టి నిలబెడుతున్నారు. ట్రాక్టరు కట్టి లాగుతున్నారు. జనరేటరు పెట్టి వెలిగిస్తున్నారు. ఇక ఊరివాళ్ళకు మిగిలిన పనేమిటయ్యా అంటే, చందా ఇవ్వటం, పక్కన నిలబడి ఫోనులో పట్టుకోవటం. దీన్నీ కోటప్పకొండ తిరునాళ్ళే అంటున్నారు. అననివ్వండి, ఎవరి నోరు ఎవరు మూస్తారు?

మా మనవడు హైదరాబాదులో ఉంటాడు. చలి వెనకబడుతున్న రోజుల్లో చూడదగ్గ జాతరలని ఫోనులో ఒక జాబితా రాసుకున్నాడు. కేస్లాపూర్ నాగోబా, మేడారం సమ్మక్క సారలమ్మ, అంతర్వేది రథం, మా కోటప్పకొండ, అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ బస, ఎక్కడ భోజనం, ఎన్నింటికి వెళితే ఫొటోలు బాగా వస్తాయి, అదీ రాసుకున్నాడు. పిల్లవాడి ఉత్సాహాన్ని తప్పుపట్టను. కానీ మా రోజుల్లో తిరునాళ్ళను 'చూడటానికి' ఎవడూ వెళ్ళేవాడు కాదు. మనమూ అందులో ఒక చెయ్యి వెయ్యటానికి వెళ్ళేవాళ్ళం. చెయ్యి వెయ్యనివాడిని ఊళ్ళో ఆడవాళ్ళే నవ్వేవాళ్ళు.

మాఘ బహుళ చతుర్దశికి, అంటే శివరాత్రికి, తిరునాళ్ళంటే నెల ముందునుంచే ఊరు ఊరుగా ఉండేది కాదు. సరుగుడు మోపులు ఒక ఇంటినుంచి, వెదుళ్ళు ఇంకో ఇంటినుంచి, మోకులు ఫలానా వాళ్ళ చావిట్లోనుంచి. పెళ్ళిచీరలు దాచుకున్న పెట్టెలు కూడా తెరిచేవాళ్ళు, ప్రభ ముఖానికి కట్టటానికి. రంగు కాగితాలు అంటించటానికి బడి పిల్లలం, మైదా ఉడకేసి ఇవ్వటానికి అమ్మలు. వెదురు దబ్బలు చీల్చే పని మాత్రం చెయ్యి తిరిగిన వాళ్ళదే, మమ్మల్ని దగ్గరకి రానిచ్చేవాళ్ళు కాదు. కొలత ఎవరూ కాగితం మీద వేసింది లేదు. పోయినేటి ప్రభ కంటే ఒక మూరైనా ఎత్తుండాలి, పక్క ఊరి ప్రభ కంటే రెండు మూరలుండాలి. లెక్క అంతే. దీనిమీద రెండు ఊళ్ళ మధ్య మాటలు పోయిన సందర్భాలూ ఉన్నాయి. అయినా పంటల దగ్గర మళ్ళీ కలిసేవాళ్ళు, వేరే దారేముంది?

ఇప్పుడు లైటింగు సెట్టు వాళ్ళను మాట్లాడుకుంటున్నారు. బయానా ఇస్తే ఇనుప చట్రం, బల్బులు, మనుషులు అంతా వాళ్ళే తెచ్చుకుంటారు. 80, 90 అడుగులు లేపుతున్నారు, కాదనను. బల్బుల్లో నెమలి పురి విప్పుతుంది, శివుడి తలమీద గంగ దూకుతుంది. మొట్టమొదట కరెంటు బల్బుల ప్రభ వచ్చిన ఏడు మేమూ నోరు వెళ్ళబెట్టే చూశాం. అప్పుడు ఆ బల్బులు ఊరివాళ్ళు కట్టిన వెదుళ్ళ మీద వెలిగాయి. ఇవాళ ఆ ప్రభ ఎవరిదో దాని మీది ఫ్లెక్సీ చదివితే తప్ప తెలియదు. ఫ్లెక్సీలోనూ ఊరి పేరు అడుగున సన్నగా ఉంటుంది. పైనంతా నాయకుల ముఖాలే. స్వామి కోటయ్యను వెతుక్కోవాలి.

బయల్దేరటం చెబుతాను వినండి. ఎడ్లకు కొమ్ములు గీసి రంగులు వేసి, ఇరుసులకు కందెన దండిగా పెట్టి, ఒంగోలు జాతి జతలు ఎన్ని ఉంటే అన్నీ ఒకదాని ముందొకటి కట్టేవాళ్ళు. ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి చక్రాల ముందు పోసేవాళ్ళు. కొబ్బరికాయ పగిలేది. "చేదుకో కోటయ్యా, చేదుకో" అని ఊరంతా ఒక్క గొంతుగా అరిస్తే ప్రభ కదిలేది.

కదిలాక అసలు పని మోకుల వాళ్ళది. ప్రభ కొసనుంచి నాలుగు పక్కలకూ మోకులు దిగి ఉంటాయి, ఒక్కోదానికి పదిమంది. మాది నల్లరేగడి నేల, బండిబాటలో గాడి ఒక పక్క మోకాలి లోతు ఉంటుంది. చక్రం అందులోకి దిగగానే ప్రభ ఒరుగుతుంది. ముందు నడిచే పెద్దమనిషి వెనక్కి తిరిగి, మెడ పైకెత్తి ప్రభ కొస చూస్తూ, "ఎడమ వదులూ... కుడి బిగూ..." అని సాగదీసి చెప్పేవాడు. వదలమన్నప్పుడు ఒక్కసారిగా వదిలితే కొంప మునుగుతుంది, జానెడు జానెడు జారనివ్వాలి. ఆ జారేటప్పుడే అరచేతులు కాలేవి. మర్నాడు మా అమ్మ ఆముదంలో పసుపు రంగరించి రాస్తూ తిడుతూ ఉండేది. ఆ తిట్లలో గొప్ప కూడా ఉండేదని నా అనుమానం, ఎందుకంటే అవి పక్కింటికి వినపడేలాగే తిట్టేది.

వాగు వచ్చినా, మిట్ట వచ్చినా ప్రభ ఆగకూడదు. ఇప్పుడు ఆగేది కరెంటు తీగల దగ్గర. ప్రభ వస్తోందంటే దారి పొడుగునా సరఫరా ఆపి తీగలు విప్పాలి, పోయాక మళ్ళీ కట్టాలి. పాపం ఆ లైన్‌మెన్లు చేస్తున్న చాకిరీ చూస్తే, ఈ కాలపు తిరునాళ్ళలో నిజంగా చెయ్యి వేస్తున్నది వాళ్ళేననిపిస్తుంది.

ప్రభ వెనక బండ్లు. బండిలో వరిగడ్డి పరిచి, దానిమీద బొంత, బొంతమీద ముసలీ ముతకా పిల్లా జెల్లా. చేను గట్ల మీద మకాం. మూడు రాళ్ళు పెడితే పొయ్యి. ఉపవాసం చేసేవాళ్ళకు ఖర్జూరాలు, ఉడికించిన చిలగడదుంపలు. చెయ్యనివాళ్ళు చెరుకు గడలు నములుతూ కూర్చునేవాళ్ళు. తెల్లవారుజామున లేచి చూస్తే ఎదురుగా మూడు శిఖరాలు. కొండను ఎటునుంచి చూసినా మూడు శిఖరాలూ కనిపిస్తాయంటారు, బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. అందుకే స్వామి త్రికోటేశ్వరుడు. గొల్లభామ ముందు నడుస్తుంటే స్వామి వెనక వస్తానన్నాడనీ, తిరిగి చూడొద్దన్నాడనీ, ఆమె చూసిందనీ, ఇద్దరూ అక్కడే ఉండిపోయారనీ మా నాయనమ్మ బండి దిగేలోపు ఒకసారి చెప్పేది. గొల్లభామ శాపం వల్లనే కొండమీద కాకి వాలదట. కోతుల సంగతి మాత్రం ఆ తల్లి మరిచిపోయినట్టుంది.

మెట్లెక్కి పోయేవాళ్ళం. ఇప్పుడు ఘాట్ రోడ్డు. ముసలివాళ్ళకు మేలు, నాకూ మేలే, మోకాళ్ళు నావి అలా ఉన్నాయి. కానీ పాతికేళ్ళ కుర్రాడు ఏసీ కారులో గుడిముందు దిగి, "క్యూ ఎంతసేపు?" అని అడిగితే ఒళ్ళు మండుతుంది.

అంగళ్ళ సంగతి చెప్పకపోతే తిరునాళ్ళ ముచ్చట సగమే. అప్పుడు అక్కడ దొరికేవి ఇంకో చోట దొరకవు. రాచిప్పలు, తిరగళ్ళు, ఈతచాపలు, పారలు, కొడవళ్ళు, చెర్నాకోలలు, ఎడ్ల ముఖపట్టెడలు. మా నాన్న ఎద్దు మెడకు గంట కొనే పద్ధతి వేరు. చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూసేవాడు కాదు. నన్ను జనంలోకి దూరంగా పంపి, అక్కడ నిలబెట్టి, ఇక్కడ గంట కొట్టేవాడు. ఆ గోలలో నాకు వినపడితేనే బేరం. ఒకటి వినపడగానే అయిపోలేదు, జతకు రెండోది కావాలి, రెండూ ఒకే శ్రుతిలో పలకాలి. అంగడివాడు విసుక్కుంటూ బస్తా మొత్తం బోర్లించేవాడు. పొద్దు వాలేదాకా కొట్టించి, చివరికి మా నాన్న మొదట కొట్టిన గంటే కొనేవాడు. చీకట్లో బండి ఇంటికొస్తుంటే, వాకిట్లో ఉన్న మా అమ్మకు ఏ బండో తెలిసేది ఆ జత వల్లనే. ఇప్పుడు అంగళ్ళలో ప్లాస్టిక్ బొమ్మలు, ఫోను తొడుగులు. అవి మా ఊరి బస్టాండులోనూ ఉన్నాయి. వాటికోసం కొండదాకా ఎందుకు?

ఎడ్లంటే అప్పట్లో ఎంత పట్టింపో ఈ పిల్లలకు చెప్పినా ఎక్కదు. 1909 తిరునాళ్ళలో, తెల్లదొరల రోజుల్లో, కావూరు చిన్నపరెడ్డి ఎడ్ల దగ్గర మొదలైన గొడవ పోలీసు కాల్పుల దాకా పోయింది, చివరికి చిన్నపరెడ్డి ఉరికంబం దాకా పోయింది. అతని మీద పాట కట్టి పల్లెలన్నీ పాడుకున్నాయి. ఎడ్ల వల్ల మనిషి ప్రాణం మీదికి వచ్చిన తిరునాళ్ళలో ఇవాళ ఎద్దు కనిపించాలంటే బండలాగుడు పోటీల దగ్గరికి వెళ్ళాలి.

రాత్రి జాగరణకు బుర్రకథలు, హరికథలు, పద్యనాటకాలు. బుర్రకథంటే అప్పట్లో మాది బుర్రకథ నాజర్ పుట్టిన జిల్లాయే, పొన్నెకల్లు మనిషి, కాబట్టి చిల్లర కథకుడిని మా జనం నిలవనిచ్చేవాళ్ళు కాదు. హరిశ్చంద్రుడి కాటి సీనులో పద్యం బాగుంటే వన్స్‌మోర్, బాగోకపోతే గడ్డి పరకలు. ఇప్పుడు ప్రభ ముందు వేదిక, వేదికమీద సినిమా పాటలకు డాన్సులు, గుండె అదిరే డీజే. ఈ రికార్డింగ్ డాన్సులు ఎప్పుడు మొదలయ్యాయని అడిగితే మా వయసువాళ్ళు కొంచెం నీళ్ళు నములుతారు. ఆ సంగతి వదిలేద్దాం.

అప్పుడంతా బంగారమేనా అంటే, కాదు. తిరునాళ్ళంటే కలరా భయం. బస్సులో పోయేవాళ్ళు ఎక్కే ముందు కలరా సూది పొడిపించుకోవాలి, ఆ సూది నొప్పికి చెయ్యి రెండు రోజులు పైకి లేచేది కాదు. ఆడవాళ్ళ అవసరాలకు చీకటి పడేదాకా ఆగటం తప్ప దారి లేదు, దాని గురించి మేం మగవాళ్ళం ఒక్కనాడూ ఆలోచించలేదు. మంచినీళ్ళు కుండకింతని అమ్మేవాళ్ళు. ఈ విషయాల్లో ఇప్పటి ఏర్పాట్లే నయం. ఎడ్లు మేపటం ఎంత ఖర్చో నాకూ తెలుసు, ట్రాక్టరు వచ్చాక ఏ రైతు మాత్రం ప్రభ కోసమని నాలుగు జతలు కట్టుకుంటాడు? అదీ ఒప్పుకుంటా. నేను అడిగేది ఎడ్లు ఎందుకు లేవని కాదు, మనుషులు ఏమయ్యారని.

ఎందుకంటే, మిగతా చోట్ల మనుషులు ఉన్నారు. కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి ఏకాదశ రుద్రుల ప్రభలు ఇప్పటికీ భుజాల మీదే వస్తాయి. పచ్చని చేలోంచి, కౌశిక పాయలో పీకలదాకా దిగి మోసుకొస్తారు. పంట తొక్కారని ఆ రైతు కేకలెయ్యడు, దండం పెడతాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో ఆ ప్రభల శకటం నడిచింది కూడాను. కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు మెస్రం వంశం వాళ్ళు జన్నారం దగ్గరి హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళను కాలినడకన తెస్తారు. రోడ్డుంది, జీపులున్నాయి, అయినా నడిచే వెళతారు. ఆ నీళ్ళు వస్తేనే నాగోబాకు పూజ. అక్కడే 1942లో మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ దొర దర్బారు పెట్టించాడు, గోండుల గోడు అధికారులు వినటానికి. అక్కడ జనం చెబితే పెద్దవాళ్ళు విన్నారు. మా కొండ దగ్గర పెద్దవాళ్ళు ప్రభ వేదికెక్కి చెబుతుంటే జనం వింటున్నారు. మేడారంలోనూ అంతే, విగ్రహం లేదు, చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణ రూపంలో సమ్మక్కను కోయ పూజారి తన చేతులతోనే తెస్తాడు. ఆ పని కాంట్రాక్టుకు ఇచ్చేద్దామని ఎవరైనా అన్నారా?

మరి మా కొండ చుట్టుపక్కల ఊళ్ళకు ఏమొచ్చింది? డబ్బొచ్చింది. సాగర్ కాలువ వచ్చింది, మిర్చి వచ్చింది, పత్తి వచ్చింది, పిల్లలు అమెరికా పోయారు. అక్కడినుంచి ప్రభకు చందా పంపుతున్నారు. ధారాళంగానే పంపుతున్నారు, ఆ మాట అనకపోతే నోరు పడిపోతుంది. వీడియోకాల్‌లో ప్రభను చూసి దండం పెట్టుకుంటున్నారు. చందా పుస్తకం లావెక్కేకొద్దీ మోకు దగ్గర మనుషులు పల్చబడ్డారు. శివరాత్రి మిర్చి కోతల్లో పడుతుంది, కూలి వదులుకుని ఎవరొస్తారంటాడు మా ఊరి కుర్రాడొకడు. మా రోజుల్లోనూ శివరాత్రి కోతల మీదే పడేది నాయనా.

మా మనవడికి చెప్పిందే మీకూ చెబుతున్నా. తిరునాళ్ళకు రావాలనుంటే శివరాత్రి రాత్రి నేరుగా కొండకు రాకండి. నరసరావుపేట నుంచి కొండ ఎంతో లేదు, 12, 13 కిలోమీటర్లు, కానీ ఆ రాత్రి ఆ దారిలో మీకు కనపడేది ముందున్న కారు వెనక భాగమే. ముందురోజే చిలకలూరిపేట చుట్టుపక్కల ప్రభ కట్టే ఊరు ఏదైనా చూసుకుని దిగండి. ఎవరబ్బాయివని అడుగుతారు, చెప్పండి. అన్నం పెడతారు, తినండి. ఇప్పటికీ కొన్ని ఊళ్ళలో మోకులు వేస్తున్నారు. ప్రభ కదిలేటప్పుడు ఒక మోకు మీరూ పట్టుకోండి, ఫోను మాత్రం జేబులో పెట్టుకోండి. మోకుకు రెండు చేతులూ కావాలి.