తిరగేసి చూడనివ్వని చీరలు

మా రోజుల్లో ఫ్యాషన్ షో అంటే సినిమాయే. టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు కొనుక్కుని, చాప పరుచుకుని, సావిత్రి ఏం కట్టిందో చూసి రావడం. అదీ నలుపు తెలుపులో. 'మిస్సమ్మ' మా ఊరికి వచ్చిన ప్రతిసారీ ఆమె చీర ఆకుపచ్చదా, వంగపండు రంగుదా అని చెరువుగట్టు మీద ఆడవాళ్లు రెండు పార్టీలైపోయేవారు. మా పెద్దమ్మ ఆకుపచ్చ పార్టీ. చచ్చేదాకా మాట మార్చలేదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'కి 2010లో ఎవరో కంప్యూటర్లో రంగులద్దారు. అది చూసి నాకు మండింది. అందులో శశిరేఖగా సావిత్రి కట్టిన చీర రంగు ఇదీ అని తేల్చడానికి వీళ్లెవరు? మేము యాభై ఏళ్లు కొట్టుకున్నాం కదా దాని కోసం!

కన్ను సగమే చూసేది, నిజమే. కానీ చెయ్యి ఉండేది కదా. చీరాల వైపు నుంచి మూట చీరలాయన వచ్చేవాడు. అరుగు మీద మూట దించి, చెంబుడు నీళ్లు తాగి, ముడి విప్పేసరికి వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరేవారు. అక్కడ మొదలయ్యేది పరీక్ష. మా పిన్ని చీర కొంగు పట్టుకుని ముందు తిరగేసేది. బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పెట్టి రుద్ది గంజెంత, గుడ్డెంత అని తేల్చేది. ఎండకి ఎదురుగా పట్టి నేత ఒత్తుగా ఉందా, వలలా ఉందా అని చూసేది. తడి రుమాలుతో అంచు తుడిచి రంగు దిగుతుందేమో చూసేది. అప్పటికీ అనుమానం తీరకపోతే కొసన ఒక పోగు లాగి అగ్గిపుల్ల గీసేది. కాగితం కాలిన వాసనొస్తే నూలు. వెంట్రుక కాలిన వాసనొస్తే పట్టు. కరిగి ముద్దకట్టిందంటే, "నైలాన్ తెచ్చి నా నెత్తిన రుద్దుతావా, మూట కట్టవయ్యా" అనేది. ఆయనకి కోపం వచ్చేది కాదు. "ఎన్నో నంబరు నూలు?" అంటే వెంటనే చెప్పేవాడు. "ఎవరు నేశారు?" అంటే, "మా తోడల్లుడి మగ్గమమ్మా, వాడి చెయ్యి మంచిది" అనేవాడు. నంబరు పెరిగేకొద్దీ నూలు సన్నం. చదువుకోని మా పిన్నికి ఎనభయ్యో నంబరుకీ వందో నంబరుకీ తేడా వేళ్లకి తెలిసేది.

ఇప్పుడు చూడండి. మొన్న మా మనవరాలు హైదరాబాద్‌లో ఒక స్టార్ హోటల్లో డిజైనర్ల ఎగ్జిబిషన్ ఉందని లాక్కుపోయింది. నాకు చీరల పిచ్చని ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి బతిమాలించుకోకుండానే వెళ్లాను. లోపల మాఘమాసం చలి. తలల్లేని తెల్లటి బొమ్మలకి చీరలు చుట్టి, చుట్టూ వెల్వెట్ తాడు కట్టారు. నల్లబట్టలేసుకున్న ఒకమ్మాయి కాపలా. నేను మర్యాదగానే అడిగాను, "ఇది ఎన్నో నంబరమ్మాయ్?" అని. "మా నంబర్ ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఉంది మేడమ్, మెసేజ్ పెట్టండి" అంది. మా మనవరాలు పక్కకి తిరిగి నవ్వుకుంది. సరే అని తాడు మీదుగా వంగి కొంగు కొస కాస్త తిప్పబోయాను. "మేడమ్, ప్లీజ్ డోంట్ టచ్!" ధర ఎంత అంటే అదీ అడిగితేనే చెబుతారట. చెప్పింది. లక్షా ఎనభై వేలు. లక్షా ఎనభై వేల చీర వెనక వైపు ఎలా ఉంటుందో చూడకుండా కొనేవాళ్లు ఈ లోకంలో ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

వెనక వైపు అని ఎందుకు గింజుకుంటున్నానంటే, చీర ముందు వైపు అందరికీ చూపించేది, వెనక వైపు నిజం చెప్పేది. ఉప్పాడ జాందానీ తీసుకోండి. ఒక్కో బుటాకి విడిగా దారం చేత్తో చొప్పించి నేస్తారు. అందుకే మంచి ఉప్పాడ చీర తిరగేసినా బుటా దాదాపు ఇటు ఉన్నట్టే అటూ ఉంటుంది. అదే పువ్వు మిషను మీద వేస్తే, ఒక పువ్వు నుంచి ఇంకో పువ్వుకి దారాలు వెనక వేలాడుతుంటాయి, లేదంటే కత్తిరించిన కొసలు నూగులా పైకి లేస్తాయి. గద్వాల చీరైతే నేను చూసేది అతుకు. ఒళ్లు నూలు, అంచు పట్టు. ఆ రెండింటినీ మగ్గం మీదే పోగుకి పోగు మెలేసి కలుపుతారు. అతుకు దగ్గర వేలితో రాస్తే నేతగాడి పనితనం అక్కడే బయటపడుతుంది. ఈ ఎగ్జిబిషన్‌లో వెనక వైపులన్నిటికీ లైనింగ్ వేసి కుట్టేశారు. ఇంకేం చూస్తాం?

ఇక తేలియా రుమాలు. చీరాలలో పుట్టి, పుట్టపాకలో నిలిచిన నేత. నూలుని నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఆరబెట్టి, ఆ తర్వాత పడుగూ పేకా రెండిటికీ కట్లు కట్టి రంగులద్దుతారు. ఒకప్పుడు అరబ్బు దేశాలకి ఓడల్లో వెళ్లేవి ఈ రుమాళ్లు. నెత్తికి చుట్టుకుంటే చల్లగా ఉంటుందని అక్కడివాళ్లకి మోజు. ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ నూనె వాసన పూర్తిగా పోదు. అసలుదో నకిలీదో ముక్కు చెప్పేస్తుంది. మొన్న అదీ పెట్టారు, ఫ్రేము కట్టి గాజు పలక వెనకాల. గాజుకి ముక్కు ఆనించి చూశాను. ఫినాయిల్ వాసన వచ్చింది.

"అన్నీ ఫోన్లో జూమ్ చేసి చూడొచ్చు కదా అమ్మమ్మా" అంటుంది మా మనవరాలు. చూస్తూనే ఉన్నానమ్మా. 2023 మార్చి 30న డియోర్ వాళ్లు బొంబాయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర షో చేస్తే గుంటూరులో మంచం మీద పడుకుని చూశాను. గుమ్మానికి కట్టే తోరణాన్ని ఇంత ఎత్తున, పద్నాలుగు మీటర్లు, ఎంబ్రాయిడరీ చేయించి నిలబెట్టారు. బొంబాయిలో ఎంబ్రాయిడరీ నేర్పే చాణక్య స్కూల్ వాళ్ల చేతిపని అది. పారిస్ కంపెనీ మన చేతివాళ్ల పేరు ఎత్తిందని సంతోషించాను కూడా. కానీ ఆ కెమెరా తోరణం చుట్టూ ఎన్ని చుట్లు తిరిగిందో! ఒక్కసారి వెనక్కి వెళ్లి ముడులు చూపిస్తుందేమోనని కాచుక్కూచున్నాను. చూపించలేదు. దాని ధ్యాసంతా ముందు వరసలో కూర్చున్న సినిమావాళ్ల మీదే.

ముట్టుకోవద్దనడం కొత్తేం కాదులెండి. మన మచిలీపట్నం అద్దకం గుడ్డల మీద మోజు పెరిగి తమ నేతగాళ్ల నోట మట్టి పడుతోందని 1686లో ఫ్రాన్సు రాజు వాటిని నిషేధించాడు. 1759 దాకా ఆ నిషేధం నడిచింది. 1719లో లండన్‌లో అయితే అక్కడి నేతగాళ్లు మన పూలగుడ్డ కట్టుకున్న ఆడవాళ్లని వీధుల్లో వెంటాడి, ఒంటి మీది గుడ్డలు చింపేశారు. ఇంత గొడవ ఎందుకొచ్చిందంటే, ఆ గుడ్డని వాళ్లు ముట్టుకుని చూశారు కాబట్టి. ఉతికినా రంగు పోని నూలుగుడ్డ చేతికి తగిలాక ఎవరు మానేస్తారు?

డిజైనర్లంటే నాకు పగేమీ లేదు. హైదరాబాద్ గౌరాంగ్ షా జాందానీని ఎక్కడికి తీసుకెళ్లాడో చూశాను. సావిత్రి మీద తీసిన 'మహానటి' సినిమా బట్టలకి అతనికీ, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావులకీ జాతీయ అవార్డు వస్తే మా పెద్దమ్మ లేకపోయెనే అనుకున్నాను, సావిత్రి చీర రంగు తేల్చుకోవడానికి. అంతకు ముందు తరంలో హైదరాబాద్‌లోనే సురయ్యా హసన్ బోస్ గారు ఉండేవారు, 2021లో పోయారు. పోతున్న హిమ్రూ, మష్రూ నేతల్ని పట్టుకుని నిలబెట్టింది ఆవిడ. వితంతువులకి నేత నేర్పించింది. గుడ్డ కొనడానికి వెళితే పక్కనే మగ్గాలు ఆడుతుండేవి. గుడ్డ మీద ఇష్టం ఉన్నవాళ్లకి అంతకంటే దగ్గర ఏముంటుంది? తాడు కట్టినవాళ్ల మీదే నా గొణుగుడంతా.

మా రోజులు మంచివని పాట పాడటానికి మాత్రం నోరు రాదు. మూట చీరలాయన అప్పుకే ఇచ్చేవాడు, ఆ అప్పు తీర్చడానికి మేము ఎన్ని నెలలు తిప్పేవాళ్లమో నాకు తెలుసు. 1991లో నూలు ధర మండిపోయి కోస్తాలో నేతవాళ్లు ఆకలితో చచ్చిపోయారు. అప్పుడు బీరువాల్లో చీరలు మడతపెట్టుకుంటూ పేపరు చదివినవాళ్లమే మేమంతా. పోచంపల్లి చీరకి ఆసు పోసే, అంటే నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే, ఆడవాళ్ల సంగతీ అంతే. ఒక్క చీరకి చెయ్యి తొమ్మిదివేల సార్లు అటూ ఇటూ ఆడించాలి. భుజాలు పడిపోయేవి. చింతకింది మల్లేశం తన తల్లి అవస్థ చూడలేక ఆసు మిషను కనిపెట్టేదాకా ఆ నొప్పి గురించి చీర కట్టినవాళ్లెవరూ అడగలేదు. మా పిన్ని నంబరు అడిగింది గానీ భుజం అడగలేదు.

అయినా అడిగే అలవాటంటూ ఉండేది కదా. ఇప్పటి పిల్లలు చీర ముందు నిలబడి తమని తాము ఫొటో తీసుకుంటున్నారు. చీర వెనకాల ఎక్కడో మసగ్గా పడుతుంది. బొమ్మ దగ్గర కార్డు మీద డిజైనర్ పేరు, కలెక్షన్ పేరు, ఆ కలెక్షన్‌కి స్ఫూర్తినిచ్చిన వెన్నెల రాత్రి గురించి నాలుగు లైన్లు ఉంటాయి. ఊరు ఉండదు, మగ్గం ఉండదు, నూలు ఎంతో ఉండదు. తిరిగొస్తూ ఆ నల్లబట్టల పిల్లకి ఒక సలహా ఇచ్చి వచ్చాను. ప్రతి బొమ్మ పక్కనా అదే నేతలో జానెడు గుడ్డముక్క వేలాడదీయండమ్మాయ్, పక్కన నేసినవాళ్ల పేరూ, ఊరూ, నూలు నంబరూ రాయండి, ఎంతమంది నలిపినా ఏడాదికోసారి మార్చుకుంటే చాలు అని. చెబుతానంది. పైవాళ్లని అడగాలట. లక్షా ఎనభై వేలకి జానెడు గుడ్డ విదిలించడానికి పైవాళ్లెందుకో నాకర్థం కాలేదు. మా మూట చీరలాయన అయితే చీరకి ఒక జాకెట్టు గుడ్డ ఊరికే ఇచ్చేవాడు, అదీ అప్పు మీద.