ప్లస్ 16 కాంటూరు

దావోస్ మాట చెవిన పడగానే మా కొల్లేటివాళ్ళకు వచ్చిన అనుమానం ఒక్కటే. ఈసారి సర్వే రాళ్ళు ఎక్కడ పాతుతారు?

ఫలానా వయసు లోపు పిల్లలు సోషల్ మీడియాలో ఉండకూడదు, అక్కడ చూసేది వాళ్ళకు పూర్తిగా అర్థం కాదు, గట్టి చట్టం కావాలేమో అని మన విద్యాశాఖ మంత్రిగారు దావోస్ మంచుకొండల నడుమ నుంచి సెలవిచ్చారు. ఐటీ శాఖ మంత్రిగారు అభ్యంతరం చెబుతారేమోనని రెండు రోజులు పేపరు తిరగేశాను. చెప్పలేదు. ఇద్దరూ ఒకరే కావడంతో ఆ చిక్కు రాలేదు.

ఆస్ట్రేలియా అప్పటికే 2025 డిసెంబరు 10న 16 ఏళ్ళ దగ్గర గీత గీసేసింది. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రాం, యూట్యూబు లాంటి పదింటిని పిల్లలకు మూసేసి, వాట్సాప్‌ను మాత్రం వదిలేసింది. 2025 నుంచి పుట్టినవాళ్ళది ‘జనరేషన్ బీటా’ అని పేరు పెట్టిందీ ఓ ఆస్ట్రేలియా పెద్దమనిషే. తరాలకు పేర్లూ, తరాల మధ్య గీతలూ అక్కడి నుంచే దిగుమతి అవుతున్నాయన్నమాట. మనకు చేతకాకనా? గీతలు గియ్యడంలో కొల్లేటిని మించిన యూనివర్సిటీ ఎక్కడుంది?

1999 అక్టోబరులో కొల్లేటి సరస్సు మీద 120వ నంబరు జీవో వచ్చింది. సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లూ అభయారణ్యం అంది. అదే ప్లస్ 5 కాంటూరు. నీళ్ళకు ఆ సంగతి తెలీదు. బుడమేరు పొంగితే గీత దాటి వస్తాయి, ఎండాకాలం గీత లోపలే నేల నెర్రెలు విడుస్తుంది. 2006లో గీత లోపలి చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో అసెంబ్లీ కూర్చుని, ప్లస్ 5 మరీ ఎక్కువైంది, ప్లస్ 3 చాలు అని ఏకగ్రీవంగా తీర్మానించింది. ఆ తర్వాతి కథ కొల్లేటి చాంతాడు. ఎక్కడివాళ్ళు వాడినా ఆ సామెత మాది.

కాబట్టి ఉచిత సలహా. ఈ వయసుల వ్యవహారాన్ని కాంటూరు పద్ధతిలోనే చేసెయ్యండి. మనిషిని ఓ సరస్సు అనుకుని, ఏ యంత్రం దాకా మునిగాడో చూసి మట్టం కొలవండి. సచివాలయంలో కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం ఇస్తున్నట్టే ‘తరం ధ్రువపత్రం’ కూడా ఇవ్వండి. ఫలానా వారి మనవడు ఫలానా వారు ప్లస్ ఇంత కాంటూరులో నివసిస్తున్నారని తెలియజేయడమైనది, అని.

సర్వే పై నుంచి మొదలుపెడదాం. ప్లస్ 75 కాంటూరు టెలిగ్రాం వాళ్ళది. వీళ్ళకు టెలిగ్రాం చదవడంతో పనిలేదు. అది తెచ్చేవాడి సైకిలు గట్టు దిగుతుండగానే ఇంట్లో ఏడుపులు మొదలయ్యేవి. ఒక్కోసారి అందులో ‘అబ్బాయి పుట్టాడు’ అని ఉండేది. అయినా సగంలో ఆపడం మర్యాద కాదని కాసేపు ఏడ్చి, తర్వాత బెల్లం పంచేవాళ్ళు. 2013 జులైలో టెలిగ్రాం ఆగిపోతే, దానికి ఏడ్చినవాడు మాత్రం లేడు.

ప్లస్ 60 ట్రంకు కాల్ వాళ్ళది. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టుకు వెళితే వీళ్ళను గొంతును బట్టి పోల్చుకోవచ్చు. కర్నూలు సరుకు రేటు కోసం పొద్దున్న కాల్ బుక్ చేసి, మధ్యాహ్నం దాకా కూర్చుని, లైను కలిసిన మూడు నిమిషాల్లో వ్యాపారం, క్షేమసమాచారం, పాత బాకీ అన్నీ అరిచి చెప్పినవాళ్ళు. మరీ ప్రాణం మీదికొస్తే ఎనిమిది రెట్లు కట్టి లైట్నింగ్ కాల్. ఇప్పుడు చేతిలో ఎంత ఖరీదు ఫోనున్నా కర్నూలుకు వినబడేలాగే మాట్లాడతారు. టెక్నాలజీ మనిషిని మలిచిందనడానికి పరిశోధన పత్రాలు అక్కర్లేదు, ఆ కొట్టు ముందు నిలబడితే చాలు.

ప్లస్ 45 మా ఎస్టీడీ బూతు కాంటూరు. పసుప్పచ్చ బోర్డు, అద్దాల గది, లోపల ఉక్క, ఎదురుగా ఎర్ర అంకెల మీటరు. రాత్రి 11 దాటితే పావు రేటు కాబట్టి ఏలూరులో సెకండ్ షో వదిలాక క్యూ కట్టేవాళ్ళం. మా తరం ప్రేమలన్నీ పావు రేటు ప్రేమలే. ఈనాటికీ ఫోను చెవిన పెట్టగానే నా కళ్ళు గోడ మీద మీటరు కోసం వెతుకుతాయి.

ప్లస్ 35 మిస్డ్ కాల్ కాంటూరు. 2003లో ఇన్‌కమింగ్ ఉచితమయ్యాక రూపాయి ఖర్చు లేకుండా భాష కనిపెట్టిన మేధావులు. ఒక రింగు అంటే బస్సెక్కాను, రెండు అంటే దిగాను, మూడు అంటే నువ్వే చెయ్యి. వీళ్ళే పెద్దయ్యాక చెరువు గట్టు మీది మోటారుకూ సిమ్ కార్డు వేయించారు. ఆకివీడులో పడుకుని ఫోను కొడితే లంకలో మోటారు తిరుగుతుంది. రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే రొయ్య ఊపిరాడక తేలిపోతుంది కాబట్టి, ఆ ఒక్క ఫోను కోసం దిండు పక్కన సెల్లు పెట్టుకుని పడుకుంటారు. పెళ్ళాం పిలిస్తే లేవనివాడు మోటారు పిలిస్తే లేస్తాడు.

ఇక అసలు సంగతి. ప్లస్ 16 లోపలిదంతా అభయారణ్యం. ఆటపాకలో పెలికాన్లను ఎలా చూసుకుంటున్నామో పిల్లలను అలా చూసుకోవాలి. ఇంటింటికీ ఒక వాచ్ టవర్ కట్టి, అమ్మానాన్నలు దాని మీద నుంచి బైనాక్యులర్స్‌తో చూడాలి. ‘పదమూడేళ్ళ మగపక్షి, మంచం కింద, చేతిలో వెలుగుతున్న వస్తువు’ అని రిజిస్టరులో రాయాలి. గట్టు వేసి వల పన్నిన పెద్ద కంపెనీల జోలికి వెళ్ళక్కర్లేదు. కొల్లేటి అనుభవం చూశాం కదా, పొక్లెయిన్ ముందు చిన్నవాడి గట్టు మీదికే వెళుతుంది. రెండేళ్ళకు ప్లస్ 16 ఎక్కువైందని, ప్లస్ 13 చాలని ఏకగ్రీవ తీర్మానం ఎలాగూ ఉంటుంది.

ఒకటే ఇబ్బంది. ఆ పక్షి సెల్లు కింద పెడితే మా లంకల్లో ప్రభుత్వం ఆగిపోతుంది.

మా పిన్ని ఇంట్లో వాట్సాప్ నడిపేది ఆవిడ మనవడు. పదకొండేళ్ళు. 2025 జనవరి 30న ప్రభుత్వం వాట్సాప్‌లోనే 161 సేవలతో మనమిత్ర మొదలెట్టినప్పుడు, పౌరుడు ఇక ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదన్నారు. నిజమే, పిన్ని తిరగడం లేదు. కరెంటు బిల్లు కట్టేది వాడు, కులం సర్టిఫికెట్ దింపేది వాడు, ఓటీపీ చదివేది వాడు, బ్యాంకు వాళ్ళమంటూ ఫోను చేసే దొంగలకు బుద్ధి చెప్పేది వాడు. ‘ఇదంతా నా తరం కాదురా నాన్నా’ అంటూ ఫోను వాడి చేతికిస్తుంది పిన్ని. మన భాషలో ‘తరం’ అంటే చేతనవడం కూడా. నిపుణులకు ఆ అర్థం ఎవరూ చెప్పినట్టు లేదు.

వాట్సాప్‌ను ఆస్ట్రేలియాలాగే మనవాళ్ళూ వదిలేస్తారనుకోండి. అయినా ఆ ఫోను వాడి చేతికి ఎలా వచ్చింది? 2020లో బడి మూసేసి, పాఠం ఫోనులో వస్తుంది కొనుక్కోండి అన్నది ఎవరు? అప్పు చేసి కొన్నారు. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి వాళ్ళకూ టీచర్లకూ కలిపి 5 లక్షల 18 వేల పైచిలుకు ట్యాబులు పండగలా పంచింది ఎవరు? అప్పటి ప్రభుత్వం వేరు అంటారు. పిల్లలు మాత్రం వాళ్ళే కదా. అయిదేళ్ళు నిండగానే బిడ్డను స్టూలు మీద కూర్చోబెట్టి పది వేళ్ళూ రెండు కళ్ళూ ఆధార్‌కు ఇప్పించుకుంటున్నది ఎవరు? అప్పుడు వాడికి ఏం అర్థమవుతోందని? పదిహేనేళ్ళకు మళ్ళీ రమ్మంటున్నారు. యంత్రానికి అప్పగించడానికి అయిదేళ్ళు చాలట, యంత్రం చూడటానికి పదహారు నిండాలట.

ఆఫీసు కిటికీ దగ్గర కూర్చునే మనిషిని తీసేసి, ఆ పని ఒక పిల్లాడి నెత్తిన పెట్టారు. జీతం లేదు. ఇప్పుడు వాడు చెడిపోతున్నాడని మంచుకొండల్లో నిలబడి బాధపడుతున్నారు. పిల్లల కళ్ళ గురించి బాధపడటం తప్పనను. నాకూ మనవలున్నారు. కానీ పిన్ని వేళ్ళ గురించి ఏ కొండ మీదా ఎవరూ మాట్లాడరెందుకు?

పిన్ని ఇరవై ఏళ్ళు రొయ్యల షెడ్డులో పనిచేసింది. తెల్లారకముందే ఐసులో చేతులు పెట్టి తల తీయడం, పెంకు వలవడం. ఆ పెంకు రంపంలా ఉంటుంది. బొటనవేలు, చూపుడువేలు నున్నగా అరిగిపోయాయి. పడవ పలక తడిమినట్టుంటుంది తాకితే. గీతలు లేవు. ఎక్కడపడితే అక్కడ గీతలు గీసే దేశంలో ఆవిడ వేలి మీద ఉన్న గీతలు పోయాయి, వేలిముద్ర పడక రేషను బియ్యం ఆగాయి. 65 నిండితే రేషను ఇంటికే తెచ్చిస్తారు. ఆవిడకు 63. రెండేళ్ళు తక్కువ. అదీ ఒక కాంటూరే.

క్రితం నెల రేషను షాపుకు పిన్నితో పాటు నేనూ వెళ్ళాను. డీలరు మంచివాడే, మిషను జరిపి ‘పెట్టు పిన్నీ’ అన్నాడు. పెట్టింది. ఎర్ర లైటు. ‘ఇంకో వేలు పెట్టు.’ ఎర్ర లైటు. చెంగుతో తుడుచుకుని పెట్టింది. కొబ్బరినూనె రాసుకుని పెట్టింది. వెనక క్యూలో ఎవరో ‘పడట్లేదా?’ అన్నారు, పడకపోవడం ఆవిడ తప్పయినట్టు. కన్నుతో చూద్దామన్నాడు డీలరు. శుక్లం తీసిన కన్ను. అదీ పట్టలేదు.

‘కార్డులో ఇంకెవరున్నారు?’

కొడుకు చెరువు మీద కాపలాలో ఉన్నాడు. కోడలు షెడ్డులో ఉంది, తన వేళ్ళు అరగదీసుకుంటూ. పిన్ని వెనక్కి తిరిగి చూసింది. మనవడు అరుగు మీద కూర్చుని ఆవిడ ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

‘రారా నాన్నా, ఒక్కసారి వేలు పెట్టు.’

వాడు కళ్ళు ఫోను మీంచి తియ్యకుండానే వచ్చి బొటనవేలు ఆనించాడు. ఆకుపచ్చ లైటు వెలిగింది.